ఎర్ర ఇంకుకు కనిపించని ఇంగ్లిష్

"ఐ యామ్ స్టేయింగ్ ఇన్ హాస్టల్ ఫ్రమ్ త్రీ ఇయర్స్." నల్లగొండ నుంచి గద్వాల దాకా ఏ హాస్టల్‌కు పోయి తొమ్మిదో, పదో తరగతి పిల్లల నోట్‌బుక్కులు తిరగేసినా ఇలాంటి వాక్యం ఎక్కడో ఒకచోట తగులుతుంది. టీచర్ 'ఫ్రమ్' చుట్టూ ఎర్ర ఇంకుతో సున్నా చుట్టి పైన 'ఫర్' అని రాస్తారు. 'యామ్ స్టేయింగ్' కొట్టేసి 'హ్యావ్ బీన్ స్టేయింగ్' అని దిద్దుతారు. పిల్ల దాన్ని ఐదుసార్లు రాసి తెస్తుంది. వారం తిరగకముందే మళ్లీ 'ఫ్రమ్ త్రీ ఇయర్స్' ప్రత్యక్షం. 'ఎంత చెప్పినా ఎక్కదు' అనే మాట స్టాఫ్‌రూంలో పుట్టేది ఇక్కడే.

ఆ వాక్యాన్ని కాస్త దగ్గరగా పెట్టుకుని చూస్తే ఆ పిల్ల ఎంత పద్ధతిగా ఆలోచించిందో తెలుస్తుంది. ఆమె మనసులో ఉన్నది 'మూడేండ్ల నుంచి హాస్టల్ల ఉంటున్న' అనే వాక్యం. తెలుగులో 'నుంచి' ఒక్కటే మూడు పనులు చేస్తుంది. నల్లగొండ నుంచి వచ్చాను, సోమవారం నుంచి జ్వరం, మూడేళ్ల నుంచి ఇక్కడే. ఈ మూడు పనుల్ని ఇంగ్లిష్ ఫ్రమ్, సిన్స్, ఫర్ అని మూడు మాటలకు పంచింది. క్రియ సంగతీ ఇలాంటిదే. ఎప్పుడో మొదలై ఇప్పటికీ సాగుతున్న పనికి తెలుగులో 'ఉంటున్నాను' సరిపోతుంది. ఎంతకాలంగా అన్నది 'నుంచి' చెప్పేసింది కాబట్టి క్రియకు ఆ భారం లేదు. ఇంగ్లిష్‌లో క్రియ కూడా ఆ సంగతి మోయాలి. అంటే టీచర్ రెండు చోట్ల దిద్దినా వేరు ఒక్కటే. ఒక చోట దిద్ది రెండోది వదిలేస్తే రెండూ మళ్లీ మొలుస్తాయి.

ఈ వివరణ వినడానికి బాగుంది. నిజమో కాదో మాత్రం ఒక్క నోట్‌బుక్‌తో తేలదు. ఎంతమంది ఇలా రాస్తున్నారు? ఎనిమిదిలో ఉన్నంతగా పదిలో ఉంటోందా? ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్లలూ ఇలాగే రాస్తారా? సరిగ్గా రాసిన పిల్లలు ఏ వాక్యాల్లో సరిగ్గా రాశారు? వీటికి జవాబు కావాలంటే వందల నోట్‌బుక్కులు ఒకచోట చేరాలి, వాటిలో కావాల్సిన మాటను వెతకగలగాలి. కార్పస్ లింగ్విస్టిక్స్ చేసే పని ఇదే.

కార్పస్ అంటే జనం నిజంగా రాసిన, మాట్లాడిన మాటలను ఒక పద్ధతి ప్రకారం సేకరించి కంప్యూటర్‌లో వెతకడానికి వీలుగా పోసిన రాశి. కల్లంలో వడ్ల రాశి లాంటిదే అనుకోవచ్చు. పద్ధతి ఎందుకో వడ్ల కొనుగోలు కేంద్రానికి పోయినవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. రాశి పైనుంచి ఒక్క గుప్పెడు తీసి తేమ మీటర్‌లో పోస్తే ఎండకు ఆరిన పై వడ్ల లెక్కే వస్తుంది. 17 శాతం హద్దు దాటిందో లేదో నిజంగా తెలియాలంటే నాలుగు వైపుల నుంచీ, లోపల్నుంచీ తీయాలి. భాషకూ అంతే. క్లాసులో ఫస్ట్ వచ్చే ఐదుగురి నోట్‌బుక్కులు తెచ్చి 'మా పిల్లల ఇంగ్లిష్ ఇది' అంటే అది రాశి పైన ఉన్న గుప్పెడే.

ఈ తరహా పని 1960ల్లో అమెరికాలోని బ్రౌన్ విశ్వవిద్యాలయంలో ఒక కొలతకు వచ్చింది. నెల్సన్ ఫ్రాన్సిస్, హెన్రీ కుచెరా 1961లో అమెరికాలో అచ్చయిన రాతల్లోంచి 500 నమూనాలు తీశారు. ఒక్కొక్కటి సుమారు 2,000 మాటలు, మొత్తం పది లక్షలు. ఆ పది లక్షల మాటల్లో 'ద' అనే ఒక్క చిన్న మాట దాదాపు 70,000 సార్లు వచ్చింది. అంటే ప్రతి పద్నాలుగు పదిహేను మాటలకు ఒకసారి. తెలుగు పిల్లల వైపు నుంచి చూస్తే ఈ అంకెకు చాలా బరువుంది. ఇంగ్లిష్‌లో అన్నిటికంటే ఎక్కువగా వాడే మాటకు తెలుగులో జోడీ మాటే లేదు. 'బడికి పోయిన', 'సూర్యుడు పొడిచిండు', 'పుస్తకం ఇయ్యి' అన్నప్పుడు ఎక్కడా 'ద' లాంటిది అవసరపడదు. 'ఒక' ఉంది గానీ అది లెక్కకు దగ్గర. అందుకే 'ఎ డాక్టర్' అనాల్సిన చోట 'వన్ డాక్టర్' వస్తుంది. పిల్లలు 'ద' మర్చిపోతున్నారని అంటుంటారు. వాళ్లకు అసలు లేని ఒక గదిని ఇంటికి కొత్తగా కట్టుకోవాల్సి వస్తోంది, అదీ ప్రతి వాక్యంలో.

బ్రౌన్ కొలతలోనే మనకు దగ్గర్లోని కొల్హాపూర్‌లో, శివాజీ విశ్వవిద్యాలయంలో, ఎస్.వి. శాస్త్రి నాయకత్వంలో భారతీయ ఇంగ్లిష్ కార్పస్ తయారైంది. 1978లో మన దేశంలో అచ్చయిన ఇంగ్లిష్ నుంచి పది లక్షల మాటలు. ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో జాన్ సింక్లెయిర్ బృందం 1980 నుంచి పనిచేసి 1987లో కార్పస్ ఆధారంగా కొత్త తరహా నిఘంటువు తెచ్చింది. ఇవన్నీ ఇంగ్లిష్ వచ్చినవాళ్ల ఇంగ్లిష్. నేర్చుకుంటున్నవాళ్ల రాతలకు కూడా ఆ గౌరవం ఇవ్వాలన్న ఆలోచన గట్టిగా మొదలైంది 1990లో, బెల్జియంలోని లూవాన్ విశ్వవిద్యాలయంలో. సిల్వియాన్ గ్రాంజే అనే భాషాశాస్త్రవేత్త వేర్వేరు మాతృభాషల కాలేజీ విద్యార్థుల ఇంగ్లిష్ వ్యాసాలు పోగుచేయించారు. 2002లో మొదటి రూపం, 2009లో రెండోది, 2020లో మూడోది వచ్చాయి. మూడో దానిలో 25 రకాల భాషా నేపథ్యాల విద్యార్థులున్నారు. జపనీస్, చైనీస్, టర్కిష్, పర్షియన్ ఉన్నాయి. పాకిస్తాన్ విద్యార్థుల రాతలున్నాయి. దక్షిణాఫ్రికా, బోట్స్వానా వైపు మాట్లాడే త్స్వానా ఉంది. 2011 జనాభా లెక్కల ప్రకారం ఎనిమిది కోట్ల మందికి పైగా మాతృభాష అయిన తెలుగు లేదు.

ఈ లోటును తేలిగ్గా తీసుకోకూడదు. కార్పస్ లేనిచోట అభిప్రాయాలు రాజ్యమేలుతాయి. 'పల్లెటూరి పిల్లలకు ఇంగ్లిష్ రాదు', 'తెలుగు మీడియం వల్లే', 'ఇంగ్లిష్ మీడియం పెట్టి పాడుచేశారు', ఎవరికి తోచింది వారు అంటారు. తెలంగాణలో కవులే లేరన్న మాట ఒకప్పుడు ఇలాగే చలామణి అయింది. పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి దానికి వాదనతో సరిపెట్టలేదు. 1934లో 354 మంది కవుల రచనలు సేకరించి ఒకచోట అచ్చువేయించారు. ఆ తర్వాత కవులు లేరనే మాట నిలబడలేదు. మన పిల్లల ఇంగ్లిష్ గురించి జరుగుతున్న చర్చకు కూడా అలాంటి సేకరణే కావాలి. 2022-23 నుంచి తెలంగాణ ప్రభుత్వ బడుల్లో 1 నుంచి 8 వరకు ఇంగ్లిష్ మీడియం మొదలైనందున ఆ అవసరం ఇంకా పెరిగింది. అప్పుడిచ్చిన పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లిష్, ఎదురు పేజీ తెలుగు. రెండు భాషల పాఠాన్ని పక్కపక్కన పెట్టిన రాశిని ఈ శాస్త్రంలో సమాంతర కార్పస్ అంటారు. పిల్లల స్కూల్ బ్యాగుల్లోకి అప్పుడే అది వచ్చింది. పిల్లలు చదివింది ఒక పక్క దొరుకుతుంది. వాళ్లు రాసింది ఎవరూ దాచడం లేదు.

ఎర్ర ఇంకు పెన్ను తప్పును చూస్తుంది. రాయకుండా వదిలేసిన దాన్ని చూడలేదు. ఈ సంగతిని 1974లో జాక్వెలిన్ షాక్టర్ అనే భాషా పరిశోధకురాలు చాలా స్పష్టంగా బయటపెట్టారు. 'నిన్న మా ఊరికి వచ్చిన డాక్టర్' లాంటి పదబంధాన్ని ఇంగ్లిష్‌లో 'ద డాక్టర్ హూ కేమ్ టు అవర్ విలేజ్ యెస్టర్‌డే' అంటారు కదా, ఆ 'హూ', 'విచ్' వాక్యాల్లో తప్పులు లెక్కపెడితే చైనీస్, జపనీస్ విద్యార్థులవి పర్షియన్, అరబిక్ విద్యార్థుల కంటే తక్కువ వచ్చాయి. పైపైన చూస్తే చైనీస్, జపనీస్ వాళ్లకు ఇది బాగా వచ్చినట్టు. అసలు ఎన్నిసార్లు వాడారని చూస్తే విషయం తిరగబడింది. వాళ్లు ఆ నిర్మాణం జోలికే పెద్దగా పోలేదు. పర్షియన్, అరబిక్ విద్యార్థులు ధైర్యంగా వాడారు, తప్పులూ చేశారు.

ఇది మనకెందుకు? చైనీస్, జపనీస్ భాషల్లో వర్ణన అంతా నామవాచకానికి ముందు వస్తుంది. తెలుగులోనూ అంతే. 'నిన్న మా ఊరికి వచ్చిన' అంతా ముందు, 'డాక్టర్' చివర. ఇంగ్లిష్ దాన్ని తలకిందులు చేస్తుంది. మరి మిర్యాలగూడలో ఒక పదో తరగతి అబ్బాయి ఏం చేస్తాడు? 'ఎ డాక్టర్ కేమ్ టు అవర్ విలేజ్. హీ ఈజ్ వెరీ గుడ్' అని రెండు ముక్కలు రాసి ఊరుకోవచ్చు. రెండూ తప్పులేని వాక్యాలే. టీచర్ టిక్కు పెడతారు, మార్కు పడుతుంది. ఆ అబ్బాయి ఇంటర్‌కు, డిగ్రీకి పోయాక కూడా ఇలా చిన్న ముక్కలే పేర్చుకుంటూ పోతే ఎవరూ పట్టించుకోరు, ఎందుకంటే ఎక్కడా ఎర్ర గీత లేదు. తెలుగు పిల్లలు నిజంగా ఇలా తప్పించుకుంటున్నారా లేదా అన్నది ఊహతో చెప్పే విషయం కాదు. 'హూ', 'విచ్', 'దట్' వెతికి, ఎన్ని వేల మాటలకు ఎన్నిసార్లు వచ్చాయో లెక్క తీస్తే తెలుస్తుంది.

లెక్క తీయడంలోనూ ఒక మెలిక ఉంది. ఒక అమ్మాయి వ్యాసంలో 'ఎ', 'ద' తప్పులు మూడు ఉన్నాయనుకుందాం. పక్క అమ్మాయి వ్యాసంలో తొమ్మిది. మూడు తప్పులున్న పిల్లకే ఎక్కువ మార్కులు వస్తాయి. మొదటి అమ్మాయి రాసిన కొద్దిపాటి వాక్యాల్లో 'ఎ', 'ద' రావాల్సిన చోట్లు ఐదే అయితే? రెండో అమ్మాయి రెండు పేజీలు నింపి అరవై చోట్ల వాటి అవసరం తెచ్చుకుని ఉంటే? మొదటి పిల్ల నూటికి అరవై చోట్ల తప్పింది. రెండో పిల్ల పదిహేను చోట్లే. భయపడకుండా ఎక్కువ రాసిన పిల్లకు మన దిద్దుబాటు పద్ధతి శిక్ష వేస్తోంది. తప్పుల సంఖ్యతో పాటు ఆ మాట అవసరమైన చోట్ల సంఖ్య కూడా తీసుకోవాలన్నది అమెరికాలో పిల్లల భాష మీద రోజర్ బ్రౌన్ చేసిన పనితో స్థిరపడిన పద్ధతి. అది పెద్ద కంప్యూటర్లు లేకుండా కూడా, ఒక టీచర్ తన క్లాసుకు చేసుకోగలిగిన లెక్క.

ఇక తరచూ వినిపించే తీర్పు ఒకటుంది: 'తెలుగులో ఆలోచించి ఇంగ్లిష్‌లో రాస్తున్నారు, అందుకే తప్పులు.' ఇందులో సగం నిజం. 'నుంచి' విషయంలో చూశాం. మిగతా సగం పరీక్షకు నిలవదు. 'మై మదర్ గో టు ఫీల్డ్' అని రాసిన పిల్ల 'గోస్' ఎందుకు రాయలేదు? తెలుగులో అలాంటిది లేక అంటే కుదరదు. తెలుగు క్రియ ఇంగ్లిష్ క్రియ కంటే ఎన్నో రెట్లు ఎక్కువగా కర్త వెంట మారుతుంది. పోతాను, పోతావు, పోతాడు, పోతుంది, పోతారు. ఇంత కట్టుదిట్టమైన భాష ఇంట్లో మాట్లాడే పిల్ల ఇంగ్లిష్‌లో ఒక్క 'ఎస్' దగ్గర జారుతోంది. జర్మన్, స్పానిష్ పిల్లలూ జారుతారు. మాతృభాష ఏదైనా ఇంగ్లిష్ నేర్చుకునేవాళ్లకు ఆలస్యంగా పట్టుబడే ముక్కల్లో ఇదొకటని 1970ల నుంచి పరిశోధనలు చెబుతూనే ఉన్నాయి. మన పుస్తకాల్లో మాత్రం అది చిన్న తరగతుల్లోనే 'అయిపోయిన పాఠం'. పాఠం అయిపోవడానికి, పిల్లకు పట్టుబడడానికి మధ్య ఏళ్ల దూరం ఉందని తెలిస్తే టీచర్‌కూ పిల్లకూ టెన్షన్ సగం తగ్గుతుంది.

మరోవైపు 'నుంచి' తప్పు కూడా తెలుగు సొత్తు కాదు. జర్మన్‌లో 'జైట్' ఒక్క మాటే సిన్స్ పనీ, ఫర్ పనీ చేస్తుంది. వాళ్లూ 'సిన్స్ త్రీ ఇయర్స్' అంటారు. హిందీ 'సే' దగ్గరా అదే కథ. కాబట్టి ఒక భాష పిల్లల రాతలు చూసి 'ఇది ఈ భాష ప్రభావం' అని తేల్చకూడదు. వేర్వేరు మాతృభాషల వాళ్ల రాతలు ఒకే కొలతతో పక్కపక్కన పెట్టాలి. గ్రాంజే ప్రతిపాదించిన పద్ధతి సారం ఇదే. 2016లో అకిరా మురకామి, థియొడోరా అలెక్సొపౌలూ అనే పరిశోధకులు కేంబ్రిడ్జ్ పరీక్షల జవాబు పత్రాల కార్పస్‌తో ఏడు మాతృభాషల వాళ్లను ఇలాగే పోల్చారు. మాతృభాష ప్రభావం ఉందని, అది అన్ని వ్యాకరణ ముక్కల మీదా ఒకేలా లేదని తేలింది. ఆర్టికల్స్ లేని భాషల వాళ్లకు 'ఎ', 'ద' దగ్గర అదనపు కష్టం కనిపించింది. తెలుగు ఆ ఏడింటిలో లేకపోయినా మనవాళ్ల కష్టం ఏ దిక్కున వెతకాలో దాని వల్ల తెలుస్తోంది.

అన్ని తప్పులకూ ఒకే బరువు లేదన్నది కూడా ఇక్కడే చెప్పుకోవాలి. 'టుడే మార్నింగ్' అంటే ఈ దేశంలో అందరికీ అర్థమవుతుంది. పత్రికల్లో, ఆఫీసుల్లో అలాగే అంటున్నారు. దాన్ని లండన్ ఇంగ్లిష్‌తో పోల్చి తప్పంటారా, కొల్హాపూర్ కార్పస్ లాంటి భారతీయ ఇంగ్లిష్‌తో పోల్చి సరేనంటారా అన్నది ముందే తేల్చుకోవాలి. మునుగోడు పిల్లకు కొలబద్ద మన దేశంలో చదువుకున్నవాళ్లు రాసే ఇంగ్లిష్ కావడమే న్యాయం. 'అక్క రేపు వస్తనన్నది' అనే వాక్యం దగ్గర మాత్రం అలా వదిలేయడానికి లేదు. తెలుగులో 'వస్తాను' అక్క మాట, 'అని' దాన్ని మూటగట్టి మనకు అందిస్తుంది. పిల్ల దాన్ని 'సిస్టర్ టోల్డ్ దట్ ఐ విల్ కమ్ టుమారో' అని రాస్తే, చదివినవాళ్లు అక్క రావడం లేదని, ఈ పిల్లే వస్తుందని అనుకుంటారు. ఆఫీసు ఉత్తరంలో ఇలా దొర్లితే మనిషే మారిపోతాడు. ఎన్నో చిన్న తప్పుల వెనక వదిలేస్తున్న ఇలాంటి తప్పుకు క్లాసులో ఎక్కువ సమయం కేటాయించాలి. ఏది అరుదు, ఏది రోజూ వస్తోంది, ఏది అర్థాన్ని మారుస్తోంది అని విడదీయడానికి రాశి కావాలి.

'యాజ్ ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్' తెలియని తెలుగువాడు ఉండడు. లీవ్ లెటర్ మనందరి మొదటి ఇంగ్లిష్ రచన. ఇలా గైడ్‌లోంచి బట్టీపట్టిన ముక్కలు పిల్లల రాతల్లో బోలెడు. 'మై స్కూల్', 'మై విలేజ్' వ్యాసాలైతే ముప్పై మందివీ ఒకేలా ఉండొచ్చు. కార్పస్ చేసేవాళ్లకు ఇది పెద్ద చిక్కు, ఎందుకంటే అది పిల్ల ఇంగ్లిష్ కాదు, గైడ్ రాసినాయన ఇంగ్లిష్. కనిపెట్టడం కష్టమేమీ కాదు. వరుసగా ఆరేడు మాటలు అచ్చుగుద్దినట్టు ఎన్ని నోట్‌బుక్కుల్లో వస్తున్నాయో సాఫ్ట్‌వేర్ క్షణంలో చెబుతుంది.

బట్టీ ముక్కల్ని చెత్త కింద తీసేయడం కూడా పొరపాటే. అలవాటైన వాక్యపు ముక్కలు మొత్తంగా నోటికి రావడం, తర్వాత వాటిని విప్పి సొంతానికి వాడుకోవడం భాష నేర్చుకునే దారుల్లో ఒకటి. 'యాజ్ ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ మై సిస్టర్ మ్యారేజ్' అని రాసిన పిల్లవాడిని చూసి అందరూ నవ్వుతారు. జరిగింది జాగ్రత్తగా చూడాలి. గైడ్‌లో ఇచ్చిన 'ఫీవర్' తీసి తన ఇంటి సంగతి ఆ చోట పెట్టాడు. ఆ వాక్యంలో ఒక ఖాళీ ఉందని, అందులో వేరే మాట పెట్టొచ్చని కనిపెట్టాడు. 'సఫరింగ్' ఏ మాటలతో జోడీ కడుతుందో ఇంకా తెలియదు, అంతే. అది చూపించడానికి కార్పస్‌ను మించింది లేదు. 'సఫరింగ్ ఫ్రమ్' అని వెతికితే ఆ మాట నడుమ నిలబడి, ముందు వెనక మాటలతో వందల వాక్యాలు వరుసగా తెర మీద నిలుస్తాయి. కుడివైపు చూస్తూ పోతే జ్వరం, నొప్పి, కరువు, నష్టం. పెళ్లి ఎక్కడా కనిపించదు. సూత్రం ఎవరూ చెప్పకుండానే పిల్లవాడికి సంగతి అర్థమవుతుంది. బర్మింగ్‌హామ్‌లో టిమ్ జాన్స్ 1980ల్లోనే విద్యార్థులకు ఇలా వాక్యాల వరుసలు ఇచ్చి నేర్పారు. ఇంటర్నెట్ లేని బడిలోనైనా పది వాక్యాలు ప్రింట్ తీసి గోడకు అంటిస్తే ఈ పాఠం నడుస్తుంది.

దక్షిణ తెలంగాణలో ఈ పని చేయాలనుకునేవాళ్లు మొదట సరిచూసుకోవాల్సింది 'తెలుగు పిల్లలు' అన్న మాటనే. దేవరకొండ, అచ్చంపేట వైపు తండాల్లో పిల్లలకు ఇంటి భాష లంబాడీ. వాళ్లకు తెలుగు రెండోది, ఇంగ్లిష్ మూడోది. పాలమూరు పట్టణంలో, నల్లగొండ పాతబస్తీలో ఉర్దూ ఇంటి భాషగా ఉన్న పిల్లలున్నారు. నారాయణపేట, మక్తల్ వైపు పోతే కన్నడం. ఒకే బెంచీ మీద కూర్చున్న ముగ్గురు ఒకే తప్పు చేసినా కారణాలు మూడు కావచ్చు. అందుకని ప్రతి రాతతో పాటు కొన్ని వివరాలు రాసుకోవాలి. ఇంట్లో ఏ భాష, అమ్మతో ఏ భాష, ఎన్నో తరగతి నుంచి ఇంగ్లిష్ మీడియం, రాయడానికి ఎంత సమయం ఇచ్చారు, డిక్షనరీ దగ్గరుందా. ఈ వివరాలు లేని రాశి మేలు రకం వడ్లూ తౌడూ కలిసిపోయిన బస్తా లాంటిది. యూరప్‌లో తరగతి మొత్తం ఒకే భాష వాళ్లు దొరకడం వాళ్లకు వీలైతే, ఒకే గదిలో నాలుగు ఇంటి భాషలు దొరకడం మనకు దక్కిన సంపద. పోల్చి చూడడానికి ఎక్కడికో పోనక్కర్లేదు.

ఇంకో అనుకూలత గురుకులాలు. పి.వి. నరసింహారావు చొరవతో 1971లో పాత నల్లగొండ జిల్లా సర్వేల్‌లో మొదలైన గురుకుల బడి ఈ తరహా చదువుకు తొలి అడుగు. ఇప్పుడు గురుకులాల్లో ఐదో తరగతిలో చేరిన పిల్ల చాలాచోట్ల ఇంటర్ దాకా అక్కడే ఉంటుంది. ఒకే పిల్ల రాతలు ఏడెనిమిదేళ్లు వరుసగా దొరకడం ప్రపంచంలో చాలామంది పరిశోధకులకు అందని అవకాశం. దాని విలువ ఒక చిన్న ఉదాహరణలో తెలుస్తుంది. ఆరో తరగతిలో 'బ్రాట్' అని సరిగ్గా రాసిన పిల్ల ఏడులో 'బ్రింగ్డ్' అని రాయడం మొదలుపెట్టవచ్చు. టీచర్ కంగారు పడతారు, వచ్చింది కూడా పోయిందని. నిజానికి మొదట 'బ్రాట్' విన్నమాటగా వచ్చింది. తర్వాత 'ఎడ్' చేరిస్తే గతకాలం అవుతుందన్న సూత్రం పట్టుబడింది, దాన్ని అన్నిచోట్లా వాడి చూస్తోంది. కొన్నాళ్లకు 'బ్రాట్' మళ్లీ వస్తుంది, ఈసారి తెలిసి వస్తుంది. ఒక్క ఏడాది నోట్‌బుక్ చూస్తే ఇది వెనకడుగు. మూడేళ్లవి చూస్తే ముందడుగు. పిట్ కార్డర్ అనే భాషాశాస్త్రవేత్త 1967లోనే నేర్చుకునేవాళ్ల తప్పులు వాళ్లు ఎంతదూరం వచ్చారో చెప్పే ఆనవాళ్లని రాశారు. అలసటతో జారిన పొరపాటు వేరు, లోపల ఒక నియమం పనిచేయడం వల్ల వచ్చే తప్పు వేరని విడదీశారు. ఐదేళ్ల తర్వాత లారీ సెలింకర్, నేర్చుకునేవారి దగ్గర మాతృభాషా కాని, లక్ష్యభాషా కాని ఒక నడుమ భాష ఉంటుందని, దానికీ తనదైన వ్యాకరణం ఉంటుందని ప్రతిపాదించారు. హాస్టల్ పిల్ల 'ఫ్రమ్ త్రీ ఇయర్స్' ఆ నడుమ భాషలో నియమబద్ధమైన వాక్యం.

పనిలో దిగేవాళ్లకు కొన్ని జాగ్రత్తలు తప్పవు. నోట్‌బుక్‌లో ఉన్నది ఉన్నట్టు టైప్ చేయాలి. ఫోన్, కంప్యూటర్లలో స్పెల్లింగ్ తమంతట తాము దిద్దే ఏర్పాటును ముందే ఆపేయాలి. లేకపోతే మనం వెతుకుతున్నదే చెరిగిపోతుంది. తెలుగులో 'వ' ఒక్కటే కావడంతో పిల్లలు 'విలేజ్‌'ను డబ్ల్యూతో, 'వాటర్‌'ను వీతో రాస్తుంటారు. టైప్ చేసేవాళ్లు మంచి మనసుతో దాన్ని దిద్దేసినా ఒక ముఖ్యమైన ఆధారం పోయినట్టే. అందరికీ ఒకే అంశం ఇస్తే ఒకే కాలం వస్తుంది. 'మా ఊరు' అంటే వర్తమానం, 'మొన్నటి బతుకమ్మ' అంటే భూతకాలం. రెండూ ఇవ్వాలి. వెతకడానికి టోక్యోలోని వసేదా విశ్వవిద్యాలయంలో లారెన్స్ ఆంథోనీ తయారుచేసిన ఆంట్‌కాంక్ ఉచితంగా దొరుకుతుంది, మామూలు లాప్‌టాప్‌లో నడుస్తుంది.

అన్నిటికంటే పెద్ద జాగ్రత్త పిల్లల పట్ల. 'మా నాన్న' అని అంశం ఇస్తే పాలమూరు పిల్ల బొంబాయికి వలసపోయిన నాన్న గురించి రాస్తుంది. అప్పు గురించి రాస్తుంది, తాగుడు గురించి రాస్తుంది. ఆ పేరాను ఇంగ్లిష్ నమూనాగా చూసే హక్కు ఎవరికీ తనంతట రాదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వాళ్ల సమాచారానికి తల్లిదండ్రుల అనుమతి తప్పనిసరి అంటోంది. చట్టం లేకపోయినా అడగాల్సిందే, అదీ వాళ్లకు అర్థమయ్యే భాషలో. పిల్లల పేర్లు, ఊరి పేర్లు, బడి పేరు తీసేసి అంకెలు పెట్టాలి. ఇంట్లో గొడవల గురించి రాయించే అంశాలు ముందే పక్కన పెట్టడం మేలు.

ఇదంతా కోట్ల ప్రాజెక్టు అనిపించవచ్చు. లెక్క వేసి చూస్తే అలా లేదు. నలభై మంది ఉన్న తరగతిలో ఒక్కొక్కరు నెలకు 150 మాటల పేరా ఒకటి రాస్తే 6,000 మాటలు. ఎనిమిది నెలలకు 48,000. నాలుగు తరగతి గదులు కలిస్తే ఏడాదికి 1,92,000. గ్రాంజే కార్పస్‌లో ఒక్కో మాతృభాషకు పెట్టుకున్న లక్ష్యం సుమారు రెండు లక్షల మాటలు. వాళ్లవి కాలేజీ విద్యార్థుల వ్యాసాలు, ఇవి బడిపిల్లల పేరాలు కాబట్టి నేరుగా పోల్చలేం గానీ, పరిమాణం అందనంత దూరంలో ఏమీ లేదు. నల్లగొండలో మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం 2007లో, పాలమూరులో పాలమూరు విశ్వవిద్యాలయం 2008లో వచ్చాయి. ఇంగ్లిష్ పీజీ చేసే విద్యార్థులు తమ సొంత ఊరి బడి నోట్‌బుక్కులు టైప్ చేయడం కంటే మంచి ప్రాజెక్ట్ వర్క్ దొరకడం కష్టం.

ప్రస్తుతం ఆ నోట్‌బుక్కులు ఏప్రిల్ ఆఖరులో బస్తాల్లోకి పోతున్నాయి. పాత పేపర్ల బండికి వేస్తారు, అక్కడినుంచి కొన్ని పల్లీల పొట్లాలవుతాయి. వాటిలో నాలుగు తరగతులవి ఒక్క ఏడాది ఆపి టైప్ చేస్తే, ఆ ఫైల్‌లో 'ఇయర్స్' అని కొట్టగానే దాని ముందు 'ఫ్రమ్' ఎన్నిసార్లు, 'సిన్స్' ఎన్నిసార్లు, 'ఫర్' ఎన్నిసార్లు వచ్చాయో తెర మీద కనిపిస్తుంది. ఎనిమిదో తరగతి వరుసలు ఒక పక్క, పదో తరగతి వరుసలు ఇంకో పక్క. ఇంట్లో లంబాడీ మాట్లాడే పిల్లలవి వేరుగా, ఉర్దూ మాట్లాడే పిల్లలవి వేరుగా.